రేవతికీ మధ్యమావతికీ ఒక్క మెట్టే తేడా: కర్ణాటక సంగీతం కొత్తగా వినేవాళ్ళకి కొన్ని పాటలు

నమస్కారం. తిరుపతిలో ఉండేవాళ్ళు సంగీతం వెతుక్కుంటూ పోనక్కర్లేదు, అదే వచ్చి చెవిలో పడుతుంది. తెల్లారకముందే సుప్రభాతం, కొండెక్కే బస్సులో అన్నమయ్య. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి విగ్రహం చుట్టూ ఆటోలు తిరిగే ఊరు ఇది. అయినా ఒక కచేరీ రికార్డింగ్ పెట్టుకుని కూర్చోమంటే పది నిమిషాలకి లేచిపోతారు. ఎందుకంటే చాలామంది మొదటిరోజే నలభై నిమిషాల ప్రధాన కృతి, అంటే కచేరీలో అన్నిటికన్నా పెద్దగా పాడే పాట, పెట్టుకుంటారు, అదీ ఫోన్ స్పీకర్‌లో. అందులో తంబూరా వినపడదు, మృదంగం ఎడమవైపు మోత అసలే వినపడదు. మిగిలేది గొంతొక్కటే. ఆధారం లేని గొంతు ఎంతసేపని వింటాం? ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. వంద రూపాయలవైనా పర్లేదు.

ఇంకొకటి, తాళం. ఇప్పుడే నేర్చేసుకుందాం, ఒక్క నిమిషం పని. (చేత్తో వేసి చూపిస్తూ) తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. నాలుగయ్యాయి. ఇప్పుడు దెబ్బ, చెయ్యి తిప్పు. మళ్ళీ దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ఇదే ఆదితాళం. ఇవాళ్టి పాటల్లో ఎక్కువ భాగం దీంట్లోనే ఉన్నాయి. ఒక ఇబ్బంది వస్తుంది: కొన్ని పాటలు దెబ్బతోపాటు మొదలుకావు, కాస్త ఆగి అందుకుంటాయి. దాన్ని ఎడుపు అంటారు. అక్కడ తాళం తప్పామని చాలామంది వేయడం మానేస్తారు. మానకండి, చెయ్యి అట్లానే పోనివ్వండి, పాటే వచ్చి కలుస్తుంది. బాగా నిదానమైన పాటల్లో ఒక్కో దెబ్బ, ఒక్కో వేలు రెండేసి సార్లు వేస్తారు. అది రెండు కళలు. దాని జోలికి తర్వాత పోదాం.

మొదటి పాట ‘వాతాపి గణపతిం’. ముత్తుస్వామి దీక్షితులది, హంసధ్వని రాగం, ఆదితాళం. స రి గ ప ని, ఐదే స్వరాలు. మ లేదు, ద లేదు. అందుకే చెవి తొందరగా పట్టేస్తుంది. దీని మీద కొత్తవాళ్ళ ఫిర్యాదు ఒకటుంది: ‘అదే లైను పదిసార్లు పాడుతున్నారేంది?’ అని. అవి సంగతులు. మొదటిసారి లైను సాదాగా వస్తుంది, రెండోసారి చివర చిన్న మెలిక, మూడోసారి మధ్యలో ఇంకోటి. పల్లవిని మూడుసార్లు వెనక్కి తిప్పి వినండి, ప్రతిసారీ ఏం కొత్తగా చేరిందో అదొక్కటే చూడండి. సంగతి పట్టుబడితే సగం కర్ణాటక సంగీతం పట్టుబడినట్టే.

‘రఘువంశ సుధా’ గురించి రెండు ముక్కలే. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కృతి, కదనకుతూహలం రాగం. కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్ మీద వాయించింది వినండి. పిల్లలు కూడా తల ఊపుతారు. కానీ ఇది బొరుగుల్లాంటిది. తింటున్నంతసేపు బాగుంటుంది, కడుపు నిండదు. ఇక్కడే ఆగిపోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అన్నమయ్యవి రెండు, పక్కపక్కన పెట్టి వినాలి. ఒకటి ‘నానాటి బదుకు నాటకము’, రేవతి రాగం. రెండోది ‘అదివో అల్లదివో’, మధ్యమావతి. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. రాగి రేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ స్వరాలు దొరకలేదు. మనం ఇప్పుడు వింటున్న వరసలు చాలామటుకు గత శతాబ్దంలో కట్టినవే. ‘నానాటి’ వరస నేదునూరి కృష్ణమూర్తి గారిది. ఎం.ఎస్. గారి గొంతులో దొరుకుతుంది, దానితోనే మొదలుపెట్టండి.

ఈ రెండు రాగాల స్వరాలు చూస్తే రెండూ స రి మ ప ని. తేడా అంతా రి దగ్గరే. ఫోన్‌లో కీబోర్డు యాప్ వేసుకోండి. స ఏ మెట్టు మీద పెట్టుకున్నా సరే, నల్లవీ తెల్లవీ అన్నీ లెక్కపెట్టి చూస్తే, రేవతి రి దాన్ని ఆనుకుని ఉన్న మెట్టు. మధ్యమావతి రి ఇంకో మెట్టు అవతల. మిగతా నాలుగూ కదలవు. స రి మ ప ని స అని రెండు రకాలుగా వాయించి, వెంటనే రెండు పాటలూ వినండి. ‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము’ అన్నప్పుడు గుండెలో ఏదో జారినట్టు ఎందుకుంటుందో, శేషాచలం కనబడగానే ‘అదివో’ అని చెయ్యెత్తి చూపించే పాట అంత నిండుగా ఎందుకుంటుందో ఆ ఒక్క మెట్టులో సగం జవాబుంది. మిగతా సగం గమకంలో, అంటే స్వరాన్ని ఊపే తీరులో ఉంది, అది కీబోర్డులో రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. శ్రుతి అంటే స పెట్టుకునే ఎత్తు. మగవాళ్ళు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరలో. అదే పాట వేరే గొంతులో వింటే వేరే రాగమేమో అనిపిస్తుంది. స జరిగింది, దాంతోపాటు అన్నీ జరిగాయి, అంతే. పాట మొదలుకాకముందు తంబూరా వినపడుతుంటుంది కదా, ఆ పది సెకన్లు ముందుకి తోసేయకండి. స ఎక్కడుందో అదే చెబుతుంది.

తర్వాతది త్యాగరాజస్వామిది, ‘తెర తీయగరాదా’. గౌళిపంతు రాగం, ఆదితాళం. తిరుమలలో స్వామి ముందు తెర వేసి ఉంటే పాడారని చెప్పుకుంటారు. కథ అట్లా ఉంచండి, సాహిత్యం చూడండి. ‘లోని తెర’ అంటున్నారు, మత్సరమనే తెర. తృప్తిగా అన్నం తినేటప్పుడు ఈగ తగిలినట్టుందంటారు చరణంలో. ఈ మాట తెలుగువాళ్ళకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మద్రాసులో ఎంత పెద్ద రసికుడికైనా అర్థం పక్కన కాగితం కావాలి, మనకి అక్కర్లేదు. ఈ లాభాన్ని వాడుకోండి: వినేముందు సాహిత్యం ఒకసారి పైకి చదవండి. చదివి వింటే మాట ఎక్కడ విరుగుతుందో ముందే తెలుస్తుంది.

మధ్యలో తేలిగ్గా ఒకటి కావాలంటే ‘మధురానగరిలో’ ఉంది. ఆనందభైరవి. మన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్ళై గారి పేరుతో నిలిచిపోయిన పాట.

ఇవన్నీ ఒక నెల తిరగేశాక పెద్దది పెట్టుకోండి: ‘ఓ రంగశాయి’, కాంభోజి రాగం, ఎం.ఎస్. గారు పాడిందే. ముందు ఆలాపన ఉంటుంది, మాటలుండవు, తాళం ఉండదు. అక్కడ చెయ్యి కట్టేసుకోండి. చరణంలో ‘భూలోక వైకుంఠము’ దగ్గర ఆగి ఆ లైన్నే తిప్పి తిప్పి పాడతారు. అది నెరవల్. సంగతులు ముందే కట్టినవి, నెరవల్ అప్పటికప్పుడు పుట్టేది. మాట, తాళంలో దాని చోటు కదలవు, రాగం మాత్రం కదులుతుంది. ఒకే కూర్చోడంలో వినలేకపోతే ఆలాపన ఒకరోజు, కృతి ఒకరోజు వినండి. ఏ పాపమూ రాదు.

రికార్డింగులు అయ్యాక నేరుగా వినండి. ఊళ్ళో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్నాయి. కొండ మీదికి పోతే గుడికెదురుగా నాదనీరాజనం వేదిక. స్పీకర్ పెట్టె పక్కన కూర్చోకండి, మృదంగం మోత గొంతుని మింగేస్తుంది. మధ్య వరసలు మేలు. ప్రధాన కృతిలో మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం వస్తుంది, తని ఆవర్తనం. అది మొదలవగానే కాఫీకి లేచే గుంపొకటి ప్రతిచోటా ఉంటుంది. మీరు కూర్చుని తాళం వెయ్యండి. ఎక్కడో తప్పుతారు, ఖాయం. అప్పుడు పక్కన తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి చూసి అందుకోండి. చివర్లో ముక్తాయింపు, అంటే ముగించే లయ వరస, మూడుసార్లు వస్తుంది, మూడోది అయిన చోట పాట మళ్ళీ మొదలవుతుంది. అక్కడ మీ దెబ్బ కలిసిందా లేదా చూసుకోండి.