ఎమ్మారై నార్మల్ వస్తే డిప్రెషన్ లేనట్టేనా?

(స్క్రీన్ మీద: కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్న మెదడు స్కాన్ ఫిల్ము)

కొన్నేళ్ల కిందట మా పిన్ని ఒక పెద్ద కవరు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎమ్మారై ఫిల్ములు. మూడు నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించట్లేదు. టీవీ ముందు కూర్చుంటుందే గానీ ఏం వచ్చిందని అడిగితే చెప్పలేదు. తలనొప్పి కూడా ఉందంటే డాక్టరు స్కాన్ రాశారు. బాబాయి రిపోర్టులో చివరి లైను గట్టిగా చదివాడు. పెద్దగా తేడా ఏమీ లేదని ఉంది. ఫిల్ములు మళ్లీ కవర్లో పెడుతూ, "చూశావా, నీకేం లేదు. అంతా నువ్వు అనుకోవడమే" అన్నాడు.

ధైర్యం చెబుదామనే అన్నాడు. పిన్ని మాత్రం ఆ మాటకి ఇంకా ముడుచుకుపోయింది. జబ్బని తేలితే కనీసం అది తన తప్పు కాదని తేలేది. ఆ రోజు నాక్కూడా ఏమనాలో తోచలేదు. అప్పుడు చెప్పాల్సినవే ఇప్పుడు చెబుతున్నాను.

ముందు స్కాన్ సంగతి. మామూలు ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. గడ్డ ఉందా, రక్తం గడ్డకట్టిందా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా అన్నవి అందులో తెలుస్తాయి. అవి లేవని తేల్చుకోవడం మంచిదే, డాక్టరు అందుకే రాస్తారు. కానీ ఇంటికి ఫొటో తీస్తే గోడలు పడతాయి. లోపల ఎవరు అన్నం మానేసి పడుకున్నారో ఫొటోలో పడదు.

మెదడు పని చేస్తుండగా చూసే పద్ధతి ఇంకొకటుంది. దాన్ని ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. సెయిజి ఒగావా అనే జపాన్ శాస్త్రవేత్త, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ, 1990లో దీనికి దారి వేశారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, ఆక్సిజన్ అయిపోయిన రక్తం అయస్కాంతం దగ్గర వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. మెదడులో ఒక చోట పని పెరిగితే కొన్ని సెకన్లకు అక్కడికి తాజా రక్తం ఎక్కువగా వస్తుంది. మిషను పట్టుకునేది ఆ తేడానే, మన ఆలోచనల్ని కాదు. పత్రికల్లో మీరు చూసే ఎర్రటి, పసుపు మచ్చలు కూడా మెదడు రంగులు కావు. చాలామంది స్కాన్లను కలిపి లెక్కలు కట్టి, తేడా ఉన్న చోట కంప్యూటరు వేసిన రంగులవి.

(స్క్రీన్ మీద: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం)

ఇప్పుడు ఇయాన్ గాట్‌లిబ్ దగ్గరికి వద్దాం. స్టాన్‌ఫర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్. దశాబ్దాలుగా డిప్రెషన్ మీదే పని చేస్తున్నారు. ఆయన పట్టుకున్న ప్రశ్న నాకు చాలా ఇష్టం. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి స్కాన్ తీస్తే ఏదో తేడా కనిపించిందనుకోండి. అది జబ్బుకి కారణమా, జబ్బు వల్ల వచ్చిందా? వరదొచ్చాక ఊరు చూస్తే గట్టు ముందే బలహీనంగా ఉందో, నీళ్లే కోసేశాయో ఎలా చెప్తాం? అందుకని వరదకి ముందే వెళ్లి గట్టు చూడాలి.

అలా ఆయన బృందం 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల్ని ఎంచుకుంది. సగం మంది తల్లులకు డిప్రెషన్ వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చిన చరిత్ర ఉంది. మిగతా సగం మంది తల్లులకు లేదు. పిల్లలకు మాత్రం ఎవరికీ ఏ మానసిక సమస్యా లేదు. ఆడపిల్లలే ఎందుకంటే, ఈడు వచ్చాక డిప్రెషన్ మగపిల్లల కంటే వాళ్లలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పాప స్కానర్‌లో పడుకుని ఉంది. చుట్టూ టకటకమని చప్పుడు. కళ్ల ముందు చిన్న తెర, చేతిలో ఒక బటన్. తెర మీద ఒక గుర్తు వస్తుంది. ఇప్పుడు బటన్ టైముకి నొక్కితే పాయింట్లు వస్తాయని దానర్థం. గుర్తు పోతుంది. ఒకటి రెండు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత ఇంకో బొమ్మ తళుక్కున మెరుస్తుంది, నొక్కాలి. వచ్చాయా, పోయాయా తెర మీద పడుతుంది.

పరిశోధకులు కళ్లు పెట్టుకుని చూసేది మధ్యలో ఆ ఖాళీ సెకన్లని.

మన ఇళ్లలో భోగి గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతి నెల మొదలవగానే పిల్లలు పేడతో చిన్న చిన్న పిడకలు చేసి, మధ్యలో చిల్లు పెట్టి, ఎండబెట్టి దండ గుచ్చుతారు. ఎవరి దండ పొడుగని కొలుచుకుంటారు. తెల్లవారుజామున మంటలో వేస్తే అది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ నెలంతా పిల్లల ఒంట్లో తిరిగే ఉత్సాహం ఉందే, అది రాబోయేదాని రుచి. మెదడు లోపల స్ట్రయాటమ్ అనే భాగానికి ఆ ఎదురుచూపులో పెద్ద పాత్ర ఉంది. పుటామెన్ అనేది అందులో ఒక ముక్క.

2010లో వచ్చిన ఫలితం ఇది. పాయింట్లు రాబోతున్నాయని తెలిసిన ఆ క్షణాల్లో, డిప్రెషన్ చరిత్ర ఉన్న తల్లుల పిల్లల్లో పుటామెన్ స్పందన మిగతా పిల్లల కంటే తక్కువ. పాయింట్లు పోయినప్పుడు మాత్రం మెదడు ముందు వైపు లోపలున్న సింగ్యులేట్ అనే భాగం వాళ్లలోనే ఎక్కువగా పనిచేసింది. పిల్లలకు ఏ జబ్బూ లేదు, గుర్తుంచుకోండి. బడికెళ్తున్నారు, ఆడుకుంటున్నారు. అయినా సంతోషం కోసం ఎదురుచూపు కాస్త మసకగా ఉంది.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఎందుకంటే పిన్ని గురించి మేమంతా మొదట గమనించింది ఏడుపు కాదు. పండక్కి చీర కొనుక్కోమంటే "ఎందుకులే" అనడం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇందులో ఉన్నది రెండు వైపులా 13 మంది చొప్పున, అంతే. చిన్న అధ్యయనం. ఏ ఒక్క పాప భవిష్యత్తూ దీంతో చెప్పలేం. జన్యువుల వల్లా, ఇంటి పరిస్థితుల వల్లా అన్నదీ దీనితో తేలదు. ఈ వీడియో చూస్తున్న తల్లుల్లో ఎవరైనా "నా వల్లేనా" అనుకుంటుంటే, కాదమ్మా. డిప్రెషన్ వచ్చిన తల్లుల పిల్లల్లోనూ చాలామందికి అది రాదు. రాకుండా ఎలా ఆపాలో వెతకడానికే ఈ పరిశోధనలు.

(స్క్రీన్ మీద: పాత పెళ్లి ఆల్బమ్, పేజీలు తిప్పుతున్న చెయ్యి)

ఇక రెండో సంగతి. నా దృష్టిలో దీనికున్న విలువ దేనికీ లేదు. బాధలో ఉన్నవాళ్లకి మనం మొట్టమొదట చెప్పే సలహా ఏమిటి? "మంచి రోజులు గుర్తు తెచ్చుకో." గాట్‌లిబ్, ఆయన సహ పరిశోధకురాలు యుట్టా యోర్మన్ 2007లో సరిగ్గా ఈ సలహానే పరీక్షించారు. ముందు దిగులు కలిగించి, తర్వాత తమ జీవితంలో ఒక సంతోషమైన సంఘటన తలుచుకోమన్నారు. ఎప్పుడూ డిప్రెషన్ లేనివాళ్లకు మనసు తేలికపడింది. గతంలో డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లకు ఉపయోగం కనిపించలేదు. ఇప్పుడు డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకైతే దిగులు ఇంకా పెరిగింది.

అదే బృందం 2012లో ఆ వయసు ఆడపిల్లల్నే స్కానర్‌లో పడుకోబెట్టి ఇదే చేయించింది. చరిత్ర లేని కుటుంబాల పిల్లలు మంచి జ్ఞాపకం తలుచుకున్నప్పుడు, నుదుటి వెనక పైభాగంలో భావాల్ని అదుపులో పెట్టే ప్రాంతాలు బాగా పనిచేశాయి. చరిత్ర ఉన్న కుటుంబాల పిల్లల్లో ఆ పెరుగుదల లేదు. దిగులుగా ఉన్నప్పుడు మాత్రం వాళ్లలో అమిగ్డలా, అంటే భయం, బాధ లాంటి భావాలకు స్పందించే మెదడు భాగం, ఎక్కువగా స్పందించింది. అంటే మనం చెప్పే సలహా సరిగ్గా ఆ మనిషికి అందని మెట్టు మీద నిలబడి చెబుతున్నాం. కాలు విరిగినవాణ్ణి నాలుగడుగులు పరిగెత్తు, కాలు సర్దుకుంటుంది అన్నట్టు. బాబాయి ఆ నెలల్లో ఎన్నిసార్లు పెళ్లి ఆల్బమ్ తీసి పిన్ని ఒళ్లో పెట్టాడో.

ఆ 2007 అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది. మనసుని మామూలు, సంబంధం లేని విషయం మీదికి మళ్లించినప్పుడు దిగులున్నవాళ్లకూ కాస్త ఊరట దొరికింది.

ఇన్ని తెలిశాయి కదా, మరి స్కాన్ తీసి డిప్రెషన్ ఉందో లేదో చెప్పేయొచ్చా? చెప్పలేం. జర్మనీలో 1,809 మంది స్కాన్లతో చేసిన పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. వాళ్లలో 861 మందికి డిప్రెషన్ ఉంది లేదా ఉండేది. మెదడు కొలతల్లో రెండు గుంపులూ 87 నుంచి 95 శాతం ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఒక కొలత చూసి ఈ మనిషిది ఏ గుంపో చెప్పమంటే 54 నుంచి 56 శాతం మాత్రమే సరిపోయింది. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. గుంపుల సగటులో కనిపించే తేడా ఒక్క మనిషి ఫిల్ములో కనిపించదు. కాబట్టి "మెదడు స్కాన్‌తో డిప్రెషన్ పట్టేస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే డబ్బులు కట్టకండి. అలాగే ఫిల్ము నార్మల్ వచ్చిందని "నీకేం లేదు" అని కూడా అనకండి. రెండూ ఒకే పొరపాటు.

డిప్రెషన్ ఇప్పటికీ మాట్లాడితేనే తెలుస్తుంది. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారడం, చచ్చిపోతే బాగుండనిపించడం. వీటి గురించి సైకియాట్రిస్టు కూర్చుని అడుగుతారు. థైరాయిడ్ లాంటివి రక్తపరీక్షలో చూస్తారు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

పిన్నిని తర్వాత మేం సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. మందులు రాశారు, కౌన్సెలింగ్ చెప్పారు. నెలలు పట్టింది. బాబాయికి నేను ఈ పరిశోధనలేమీ వివరించలేదు. ఆల్బమ్ మాత్రం తీయొద్దన్నాను. మరి ఏం చెయ్యను అన్నాడు. పక్కన కూర్చో బాబాయ్ అన్నాను. మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి వసారాలో ఇద్దరి మధ్యా చిక్కుడుకాయల చేట ఉంది. బాబాయి ఈనెలు తీస్తున్నాడు, ఒక్క మాట మాట్లాడకుండా. కాసేపటికి పిన్ని ఆయన పారేసిన ఈనెల్లోంచి ఒక మంచి కాయ ఏరి, చేటలో వేసింది.