కరగని పూస: అయాన్లు మార్చే రెసిన్ లోపల ఏముంది?

[తెర మీద: స్కేలు పక్కన తేనె రంగు పూసలు, క్లోజప్]

నీటి కాఠిన్యం తగ్గించే వాటర్ సాఫ్ట్‌నర్ సిలిండర్ విప్పితే కనిపించేవి ఇవే. ఒక్కోటి అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. పేరు రెసిన్. అసలు సరుకు మాత్రం పాలీస్టైరీన్, అంటే థర్మాకోల్ చేసే ప్లాస్టిక్కే.

ఈ పూసల్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడి చేస్తే దాదాపు ప్రతి బెంజీన్ వలయానికీ ఒక సల్ఫోనేట్ సమూహం అతుక్కుంటుంది. దానిది ఋణావేశం, దాన్ని అంటిపెట్టుకుని ఒక సోడియం అయాన్. కఠిన జలం రాగానే కాల్షియం లోపలికి చేరుతుంది, రెండు సోడియంలు బయటికి పోతాయి. కాల్షియానికి రెండు ఆవేశాలు కదా, పట్టు ఎక్కువ.

[యానిమేషన్: విడివిడి గొలుసులు నీళ్లలో చెదిరిపోతాయి]

చిక్కల్లా ఇక్కడే. ఇన్ని ఆవేశాలు తగిలించిన పాలీస్టైరీన్‌ని నీళ్లలో వేస్తే కరిగిపోవాలి. మరి పూస ఎలా నిలబడుతోంది?

పాలిమర్ తయారుచేసేటప్పుడే స్టైరీన్‌తో పాటు కాస్త డైవినైల్‌బెంజీన్ కలుపుతారు. స్టైరీన్‌లో గొలుసు కట్టే ద్విబంధం ఒకటే, ఇందులో రెండు. ఒకటి ఈ గొలుసులో చేరితే రెండోది పక్క గొలుసులో చేరుతుంది. ఇదే క్రాస్‌లింకింగ్. ఇక పూస మొత్తం ఒకే పెద్ద అణువన్నమాట! నీళ్లకి ఉబ్బుతుందే తప్ప కరగదు. ఈ తరహా రెసిన్ మీద రసాయన శాస్త్రవేత్త గేటానో డి'అలేలియోకి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1944లో.

డైవినైల్‌బెంజీన్ ఎంత కలపాలి? మామూలుగా 8 శాతం. 2 శాతమే కలిపితే పూస నీళ్లు తాగి జెల్లీలా ఉబ్బుతుంది, ఒత్తిడికి నలుగుతుంది. 16 శాతానికి పోతే లోపల ఇరుకు. అయాన్లు నత్తనడక నడుస్తాయి, పెద్దవైతే దూరనే దూరవు. 8 శాతం పూస చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ బరువులో దాదాపు సగం నీరే. (పూర్తిగా ఎండిన రెసిన్ మీద నేరుగా మంచినీళ్లు పోయకండి. ఒక్కసారిగా ఉబ్బి పగులుతుంది. ముందు చిక్కటి ఉప్పునీళ్లలో నానబెట్టాలి.)

సోడియం అయిపోతే సుమారు 10 శాతం ఉప్పు ద్రావణం పంపిస్తారు, రెసిన్ మళ్లీ సిద్ధం.

[క్లోజప్: రెండు వేళ్ల మధ్య పూస]

అయాన్లు మార్చీ మార్చీ రెసిన్ అరిగిపోతుందనుకుంటారు చాలామంది. దానికి అంతకన్నా పెద్ద శత్రువు నీళ్లలో మిగిలిన క్లోరిన్. అది నిదానంగా గొలుసుల్ని కలిపే క్రాస్‌లింక్ ముడుల్ని తెంచుతుంది, ఇనుము తోడైతే ఇంకా త్వరగా. ముడులు తెగిన పూస మరిన్ని నీళ్లు తాగి మెత్తబడుతుంది. ఇదిగో, ఇలా నొక్కితే చితికిపోతుంది. సిలిండర్‌లో ధార సన్నబడుతుంది. ఆ దశలో ఎంత ఉప్పు వేసినా లాభం లేదు, రెసిన్ మార్చాల్సిందే. క్లోరిన్ ఎక్కువున్న చోట సాఫ్ట్‌నర్‌కి ముందు కార్బన్ ఫిల్టర్ పెట్టేది ఇందుకే.