జైలు సిబ్బంది 'నేనేమీ చేయలేదు' అంటే సరిపోతుందా?

[తెర మీద: విజయవాడ గాంధీనగర్‌లో జిల్లా జైలు బయట రోడ్డు. ములాఖత్ కోసం వరుసలో నిలబడ్డ కుటుంబాలు. ముఖాలు కనిపించకుండా వెనక నుంచి.]

నమస్కారం. ఈ వరుసలో ఒక అమ్మ ఉందనుకుందాం. చేతిలో మాత్రల షీటు, దాని కింద మడిచిన ఐదువందల నోటు. "అయ్యా, మావాడికి ఫిట్స్ వస్తాయి, ఇవి లోపలికి ఇప్పించండయ్యా" అని వార్డర్‌ని బతిమాలుతోంది. జాలి, రూలు, డబ్బు మూడూ ఒకేసారి అతని ముందుకొచ్చాయి. ఏం చేయాలి?

నోటు తీసుకుంటే అది లంచం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 కింద 3 నుంచి 7 ఏళ్ళ జైలు. డబ్బు ముట్టకుండా, జాలిపడి మాత్రలు దొంగతనంగా తీసుకెళ్ళినా తప్పే. నిషేధించిన వస్తువుని లోపలికి చేరవేస్తే 1894 నాటి జైళ్ళ చట్టం సెక్షన్ 42 కింద 6 నెలల వరకు శిక్ష ఉంది. ఇదంతా చాలామందికి తెలుసు.

"నాకెందుకమ్మా, వెళ్ళిపో" అని ఆమెని పంపించేస్తే? ఆ రాత్రి లోపల అబ్బాయికి ఫిట్స్ వచ్చి ప్రాణం పోతే? ఈ వీడియో ముఖ్యంగా దీని గురించే. చేసిన పనికే కాదు, చేయాల్సి ఉండి చేయని పనికి కూడా చట్టం లెక్క అడుగుతుంది.

[తెర మీద: పాత ఉమ్మడి కర్నూలు జిల్లా మ్యాప్, కోయిలకుంట్ల దగ్గర ఎర్ర చుక్క.]

దీనికి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద కేసు ఉంది. 1977 మే నెలలో, తెల్లవారుజామున, కోయిలకుంట్ల సబ్‌జైలులోకి కొందరు చొరబడి ఒక గదిలోకి బాంబులు విసిరారు. లోపల తండ్రీకొడుకులు రిమాండ్‌లో ఉన్నారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. బాంబులు విసిరింది జైలు సిబ్బంది కాదు. అయినా, ప్రాణభయం ఉందని తెలిసి కూడా తగిన కాపలా పెట్టలేదన్నది కుటుంబం వాదన. హైకోర్టు 1,44,000 రూపాయలు నష్టపరిహారంగా ఇవ్వమంది. "జైలు నడపడం మా సార్వభౌమాధికారం, మమ్మల్ని అడగకూడదు" అని ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. లోపల ఉన్నా ఖైదీకి రాజ్యాంగం ఆర్టికల్ 21 ఇచ్చే జీవించే హక్కు ఉంటుంది, ప్రాణం కాపాడే బాధ్యత ప్రభుత్వానిదే అని చెప్పింది. చల్లా రామకొండారెడ్డి కేసు అంటే లాయర్లందరికీ తెలుసు. జైలు ఉద్యోగంలో చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజు పాఠంగా ఇది చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో రకం నిర్లక్ష్యం కాగితం దగ్గర జరుగుతుంది. బిహార్‌లో రుదుల్ సా అనే వ్యక్తిని 1968లోనే కోర్టు నిర్దోషి అంది. బయటికొచ్చింది 1982లో. మధ్యలో పద్నాలుగేళ్ళు! 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. పాత కాలం ముచ్చట అనుకోకండి. 2025లో ఘజియాబాద్ జైలులో ఒకతనికి బెయిల్ వచ్చినా, ఆర్డర్‌లో ఒక ఉపసెక్షన్ రాయలేదన్న సాకుతో దాదాపు నెల రోజులు వదల్లేదు. సుప్రీంకోర్టు 5 లక్షలు కట్టమంది.

ఇప్పుడు జైలు సూపరింటెండెంట్ మీద ఇంకో బాధ్యత కూడా పడింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని రిమాండ్ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపితే, మిగతావాళ్ళు సగం గడిపితే, బెయిల్ కోసం సూపరింటెండెంటే కోర్టుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్ళకీ వర్తించదు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేని గుంటూరు కూలీకి ఆ ఒక్క కాగితమే దిక్కు.

[తెర మీద: చీకటి బ్యారక్, గేటు తాళం.]

ఖైదీ తప్పించుకుంటే? నిర్లక్ష్యం వల్ల అయితే సాధారణ జైలు రెండేళ్ళ వరకు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ సెక్షన్ 261. కావాలని వదిలేస్తే సెక్షన్ 260, శిక్ష చాలా పెద్దది.

ఇక అందరూ గుసగుసగా మాట్లాడుకునే విషయం, కొట్టడం. "పైవాళ్ళు చెప్పారు సార్" అంటే కోర్టులో చెల్లదు. చట్టవిరుద్ధమైన ఆర్డర్ పాటించినవాడికి రక్షణ లేదు. తీహార్ జైలులో మరణశిక్ష పడ్డ సునీల్ బత్రా, తోటి ఖైదీని వార్డర్ హింసించాడని సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 చివర్లో కోర్టు తీర్పిచ్చింది. విధిలో భాగంగా చేసిన పనికి ప్రభుత్వ ఉద్యోగి మీద కేసు పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలనే నిబంధన ఉన్నా, హింస విధిలో భాగం కాదు. కస్టడీలో ఎవరైనా చనిపోతే మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి 24 గంటల్లో తెలియజేయాలి.

కులం చూసి పాకీ పని, వంట పని పంచడం కూడా 2024 అక్టోబర్ 3 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో రాజ్యాంగ విరుద్ధం.

సిబ్బంది మీద టెన్షన్ లేదని నేను అనను. రాత్రి డ్యూటీలో కొద్దిమందే ఉంటారు, సెలవు దొరకదు, పైనుంచీ లోపలినుంచీ ఒత్తిడే. అందుకే చెబుతున్నాను, రాయండి. మందులు అడిగారా, ఎవరు, ఎన్నింటికి, డాక్టర్‌కి ఎప్పుడు కబురు పెట్టారు, అంతా రిజిస్టర్‌లో ఉండాలి. చేయకూడని పని చేయమని నోటి మాటగా చెబితే, ఆర్డర్ రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి. శాఖాపరమైన విచారణ, క్రిమినల్ కేసు, పరిహారం కేసు మూడూ ఒకే ఘటన మీద నడవొచ్చు. అప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ రాతే.

కుటుంబాలకి ఒక మాట. మందుల చీటీ జెరాక్స్‌తో సూపరింటెండెంట్ పేరున అర్జీ ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లాయర్ సాయం ఉచితం. హెల్ప్‌లైన్ నంబర్ 15100.