మాతో కూడ ఉండుము

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులందరికీ వందనాలు.

ప్రార్థన మాట ఎత్తగానే మన సంఘాల్లో చాలామంది తల దించుకుంటారు. “తెల్లారగట్ల లేవలేకపోతున్నానండీ”, “మోకరిస్తే నిద్ర ముంచుకొస్తోంది”, “పిల్లల్ని స్కూలుకి పంపేసరికే ఓపిక అయిపోతోంది” అంటారు. దేవుని మీద ప్రేమ లేక అనే మాటలు కావివి. తలుపు వేసుకుని గంటసేపు చేస్తేనే ప్రార్థన అని వాళ్ళకి మనమే నేర్పాం. వాక్యం వెంట వాక్యం ఎత్తి గడగడా ప్రార్థించేవాళ్ళని చూసి, “నాకు ప్రార్థన చేయడం రాదు” అని నోరు కట్టేసుకున్న తల్లులు మన మధ్య ఎంతమంది ఉన్నారో! వాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అందుకే ఈ సాయంత్రం చిన్న ప్రార్థనల గురించే మాట్లాడతాను.

నెహెమ్యాని చూడండి. షూషను కోటలో పారసీక రాజు అర్తహషస్తకి ద్రాక్షారసం అందించే ఉద్యోగం ఆయనది. తన పితరుల పట్టణమైన యెరూషలేము గోడ కూలిపోయి ఉందని, గుమ్మాలు కాలిపోయాయని కబురు తెలిసి కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. అప్పుడు చేసిన ప్రార్థన నెహెమ్యా గ్రంథం మొదటి అధ్యాయంలో 7 వచనాల పొడవునా ఉంది. అది కిస్లేవు నెల. నీసాను నెల వచ్చేసరికి దాదాపు 4 నెలలు గడిచాయి. ఒకరోజు రాజు ఆయన ముఖం చూసి, జబ్బేమీ లేదు కదా, ఎందుకంత విచారంగా ఉన్నావని అడిగాడు. నెహెమ్యాకి గుండె ఝల్లుమంది. సంగతి చెప్పాడు. “అయితే నీకేం కావాలి?” అన్నాడు రాజు.

రాజు అడిగాక జవాబు ఆలస్యం చేయడానికి లేదు. మోకరించడానికి లేదు. ఆ కాస్త సందులోనే “ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి”, వెంటనే రాజుకి జవాబు చెప్పాడు. ఆ ప్రార్థనలో ఏమన్నాడో బైబిల్లో ఒక్క మాట కూడా లేదు! ఏమన్నాడో దేవునికి తెలుసు, అంతే. చిన్న ప్రార్థన ఉంది కదా, ఇంక ఏకాంత ప్రార్థన ఎందుకు అని మాత్రం దయచేసి అనుకోకండి. 4 నెలల కన్నీళ్ళు వెనకాల ఉన్నాయి కాబట్టే ఆ క్షణంలో ఆయన మనసు చప్పున దేవుని వైపు తిరిగింది. రోజూ మాట్లాడుకునే ఇంట్లోనే కదా కనుసైగకి అర్థం ఉండేది.

1640లో పారిస్‌లో కర్మేలు సభ అనే కతోలిక సన్యాసుల మఠంలో ఒకాయన చేరాడు. లోరేన్ ప్రాంతం వాడు, ఒకప్పుడు సైనికుడు, పెద్ద చదువు లేదు. మఠంలో ఆయన్ని సహోదరుడు లారెన్స్ అన్నారు. వంటగది పని అప్పగించారు. ఆ పనంటే ఆయనకి మొదటినుంచీ అయిష్టమే. అయినా ఏళ్ళ తరబడి చేశాడు. పెనం మీద ఆమ్లెట్ తిరగేసినా దేవుని మీద ప్రేమతోనే తిరగేస్తానని చెప్పేవాడట. ఆయన నేర్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇది: మనసు ఎటో వెళ్ళిపోయిందని తెలిసినప్పుడు నన్ను నేను తిట్టుకుంటూ కూర్చోకుండా, మెల్లగా మళ్ళీ దేవుని దగ్గరికి రావడం. ఇంత హాయైన సలహా మనలో ఎవరైనా ఇచ్చారా?

ఆసుపత్రి వరండాలో అటెండెంట్‌గా కూర్చున్న మనిషిని తలుచుకోండి. ఒడిలో రిపోర్టుల కవరు, ఫ్లాస్కు. లోపల నాన్న. రెండు రాత్రులుగా నిద్ర లేదు. నర్సు పేరు పిలిచిన ప్రతిసారీ లేచి నిలబడాలి. ఆ మనిషిని కీర్తనలన్నీ చదివి అరగంట ప్రార్థించమని ఎలా చెప్తాం? “దేవా, నా సహాయమునకు త్వరగా రమ్ము” అంటే చాలు. 70వ కీర్తన మొదలయ్యేదే ఆ మొరతో. అదీ రాకపోతే “ప్రభువా” అన్నా చాలు. నీళ్ళలో మునిగిపోతున్న పేతురు “ప్రభువా, నన్ను రక్షించుము” అన్నాడు. అంతకు మించి మాట్లాడే తీరిక లేదు. వెంటనే యేసు చెయ్యి చాపి పట్టుకున్నాడు.

“కానీ ఆయన దగ్గరున్నట్టు నాకేమీ అనిపించడం లేదే” అని ఒక చెల్లి అడిగింది. యేసు తిరిగి లేచిన రోజున ఎమ్మాయు అనే ఊరికి నడిచి వెళ్తున్న ఇద్దరు శిష్యులకీ అనిపించలేదమ్మా. ఆమడ దూరం నడిచారు, లేఖనాలు విన్నారు, పక్కనున్నది యేసని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకుండానే “సాయంకాలము కావచ్చినది, మాతో కూడ ఉండుము” అని బలవంతం చేశారు. ఎవరిని అడుగుతున్నారో తెలియకుండా చేసిన మనవి అది. ఆయన “మీరింకా నన్ను గుర్తుపట్టలేదు” అని వెళ్ళిపోలేదు. లోపలికి వెళ్ళాడు. వాళ్ళతో భోజనానికి కూర్చున్నాడు. రొట్టె విరిచి వాళ్ళకి పెట్టాడు. వాళ్ళ కళ్ళు తెరుచుకున్నది ఆ తర్వాతే.

కాబట్టి చెల్లీ, ఏమీ అనిపించకపోయినా అడుగు. రేపు పొద్దున క్యారేజీ సర్దుతూ, బస్సు కోసం నిలబడి, మాట జారబోయే ముందు, “ప్రభువా, నాతో ఉండు” అను.