ఫ్రేజల్ వెర్బ్స్: తినడం వేరు, తినెయ్యడం వేరు

అందరికీ నమస్తే. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019." ఇంటర్వ్యూల్లో మనవాళ్లు చాలామంది చెప్పే మాటే ఇది. ఇంజినీరింగ్ పూర్తయిందని మన ఉద్దేశం. ఎదురుగా అమెరికా మేనేజర్ ఉన్నాడనుకోండి, ఆయనకు వినిపించేది వేరు: 2019లో నేను స్పృహ తప్పాను అని! సైనిక శిక్షణ ముగిస్తే 'పాసింగ్ అవుట్ పరేడ్' అంటారు, అది సరే. కాలేజీకి మాత్రం 'గ్రాడ్యుయేటెడ్' అనండి, గొడవే లేదు.

పాస్ తెలుసు, అవుట్ తెలుసు. రెండూ కలిస్తే మూడో అర్థం. ఫ్రేజల్ వెర్బ్ అంటే ఇదే. వీటిని లిస్టు రాసుకుని బట్టీ పట్టమని నేను చెప్పను. నేనూ పట్టాను, వారంలో మర్చిపోయాను.

నిజానికి ఇలాంటి పని తెలుగులో రోజూ చేస్తున్నాం. 'తిను' వేరు, 'తినెయ్' వేరు కదా? తినెయ్ అంటే ప్లేటు ఖాళీ చెయ్యమని. మన 'ఎయ్' చేసే పని ఇంగ్లీషులో చాలాచోట్ల 'అప్' చేస్తుంది. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్. కాగితం చింపితే టేర్, ముక్కలు ముక్కలుగా చింపేస్తే టేర్ అప్. అన్ని 'అప్'లూ ఇలా ఉండవు లెండి. 'షో అప్' అంటే వచ్చి కనపడడం, అక్కడ ఈ చిట్కా పనిచెయ్యదు.

ఇక అసలు తప్పు ఫ్యాన్ దగ్గర జరుగుతుంది. 'టర్న్ ఆఫ్'లో టర్న్‌ని వదిలేసి, తోక ఒక్కటే తెచ్చుకుని, దానికి మన 'చెయ్' అతికించాం. ఫ్యాన్ ఆఫ్ చెయ్. తెలుగులో బ్రహ్మాండంగా ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు 'చెయ్' తీసేస్తాం, టర్న్ మాత్రం తిరిగి రాదు. అందుకే "ఆఫ్ ద ఫ్యాన్" అనేస్తాం. టర్న్ ఆఫ్ ద ఫ్యాన్ అనాలి. టర్న్ ద ఫ్యాన్ ఆఫ్ అన్నా తప్పు లేదు. కానీ 'ఇట్' వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: టర్న్ ఇట్ ఆఫ్. 'లుక్ ఆఫ్టర్' (బాగోగులు చూసుకోవడం) అలా విడిపోదు, లుక్ ఆఫ్టర్ ఇట్ అనే అనాలి.

"ఫోన్ పెట్టెయ్" అంటే హ్యాంగ్ అప్. పాత ఫోన్లలో రిసీవర్‌ని కొక్కేనికి తగిలించేవారు మరి. కొక్కెం పోయినా మాట పోలేదు. మనం మాత్రం సెల్‌ఫోన్ చేతిలోనే ఉంచుకుని "పెట్టేస్తున్నా" అనట్లేదూ?

చివరగా, పాలు అయిపోయాయంటే "మిల్క్ ఈజ్ ఓవర్" అనకండి. "వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్." మీ ఇంట్లో ఇవాళ ఏం అయిపోయిందో ఇలాగే కామెంట్‌లో రాయండి. మా ఇంట్లో అయితే కాఫీ పొడి.