వేళ్లు లెక్కపెడితే చాలదు: బాక్స్ టర్టిల్ ఆనవాళ్లు

వ్యాఖ్యాత: నార్త్ కరోలినాలో ఉంటున్న మనవాళ్ల పెరట్లోకి వాన వెలిసిన వేళల్లో బాక్స్ టర్టిల్ అనే తాబేలు వచ్చిపోతుంటుంది. అది ఏ రకమో చూసి చెప్పగలమా అండి?

అతిథి: చాలావరకు చెప్పగలమండి, అయితే అది ఎక్కడ కనిపించిందన్నది ముందు తెలియాలి. పొట్టవైపు చిప్పకు అడ్డంగా ఉన్న కీలు సాయంతో ఒళ్లంతా లోపల మూసుకోవడం బాక్స్ టర్టిళ్లన్నీ చేరే టెరపీన్ ప్రజాతి మొత్తానికీ ఉన్న గుణం కనుక, దానితో రకం తేలదు. మీరన్న చోట ఉండేది ఈస్టర్న్ బాక్స్ టర్టిల్. 1979లో ఆ రాష్ట్రం దానినే తన అధికారిక సరీసృపంగా ఎంచుకుంది. దాని వెనక కాలికి సాధారణంగా నాలుగు వేళ్లుంటాయి.

వ్యాఖ్యాత: అంటే మూడు వేళ్లుంటే, ఆ పేరే పెట్టుకున్న త్రీ-టోడ్ (మూడు వేళ్ల) రకమేనా?

అతిథి: అక్కడే చాలామంది తొందరపడతారు. ఫ్లోరిడా రకానికి కూడా తరచుగా మూడే ఉంటాయి. ఇక త్రీ-టోడ్ రకంలో నాలుగు వేళ్లున్నవీ కనిపిస్తాయి. అందువల్ల వేళ్ల లెక్కను నేను చివరి సాక్ష్యంగానే తీసుకుంటాను.

వ్యాఖ్యాత: పసుపు చారలున్న ఫొటోలు చూస్తే మన నక్షత్ర తాబేలే గుర్తుకు వస్తుంది.

అతిథి: పోలిక పైపైనే. చారలున్నవాటిలో తికమక పెట్టేవి ఫ్లోరిడా రకం, కాన్సాస్, నెబ్రాస్కా పచ్చికమైదానాల ఆర్నేట్ రకం. ఆర్నేట్ వీపు పైభాగం చదునుగా ఉంటుంది, పొట్ట చిప్పపైన కూడా ముదురు రంగు మీద పసుపు గీతలు దట్టంగా ఉంటాయి. ఫ్లోరిడా దాని వీపు ఎత్తుగా గుండ్రంగా లేచి, తలకు ఇరువైపులా పసుపు చారలతో ఉంటుంది. కనుక పక్కనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి ఫొటో తీయకుండా రకం అడగడం వృథా.

వ్యాఖ్యాత: మరి సంకరాలు?

అతిథి: ఆర్నేట్, త్రీ-టోడ్ రెండూ ఉండే మిస్సోరీ వంటి చోట్ల అవి కలిసి పిల్లలను కనడం ఉంది. వీపు కొంత చదునుగా, పొట్ట గీతలు పలచగా ఉంటే అనుమానించవచ్చు, అంతకు మించి చెప్పలేము. ఈస్టర్న్, త్రీ-టోడ్ హద్దులు కలిసే ఆగ్నేయ రాష్ట్రాల్లోనైతే నడిమి రూపాలు సర్వసాధారణం. జన్యు ఆధారాలను బట్టి కొందరు పరిశోధకులు త్రీ-టోడ్‌ను వేరే జాతిగా లెక్కిస్తారు గనుక, అదే తాబేలు ఒకరికి ఉపజాతుల మధ్య రూపం, మరొకరికి జాతుల సంకరం.

వ్యాఖ్యాత: ఇళ్లలో పెంచేవాటి సంగతి?

అతిథి: అవి మరీ చిక్కు. వేర్వేరు రాష్ట్రాల తాబేళ్లను ఒకే ఆవరణలో ఉంచితే పుట్టినవాటికి చోటు ఆనవాలు ఉండదు. అలాంటిదాన్ని చూసి "ఇది ఫలానా సంకరం" అని ఎవరైనా ఖాయంగా చెబితే నేను నమ్మను. తల్లిదండ్రుల వివరమో, జన్యు పరీక్షో చూపమంటాను.