నెత్తురు ఇచ్చిన ఊరికి ఫలితం చెప్పాలి

(జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భంగా శ్రీకాకుళంలోని ఒక కళాశాలలో పరిశోధక విద్యార్థులను, అధ్యాపకులను ఉద్దేశించి ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదికపై ఉన్న ప్రిన్సిపాల్ గారికి, రసాయన, జీవ, పర్యావరణ శాస్త్ర శాఖల అధ్యాపక మిత్రులకు, ఎచ్చెర్లలోని మన విశ్వవిద్యాలయం నుంచీ విజయనగరం నుంచీ శ్రమపడి వచ్చిన పరిశోధక విద్యార్థులకు, ఎండలో ఇంతసేపు ఓపికగా కూర్చున్న డిగ్రీ పిల్లలకు నమస్కారాలు. 1928 ఫిబ్రవరి 28న రామన్ గారి ప్రయోగం ఫలించిన రోజును తలచుకుంటూ ఏటా ఈ సభ జరుపుకుంటున్నాం. కాంతి పరిక్షేపణం గురించి నాకంటే బాగా చెప్పగల భౌతికశాస్త్ర మిత్రులు ఇక్కడే ఉన్నారు కనుక ఆ భాగాన్ని వారికే వదిలిపెడుతున్నాను.

ఆరోగ్యం, రసాయనం, పర్యావరణం అనే మూడు రంగాల్లో విశ్వవిద్యాలయ పరిశోధన ఎలా సాగాలన్నది నాకు అప్పగించిన అంశం. ఆ మూడూ ఒకే ఇంటి గుమ్మంలో కలిసే చోటు మన జిల్లాలోనే ఉన్నప్పుడు ఉదాహరణల కోసం దూరం వెళ్ళవలసిన అవసరం నాకు కనిపించలేదు. కాబట్టి నేను ఉద్దానం గురించే మాట్లాడతాను. మధ్యలో వేరే దేశాలకు వెళ్ళినా మళ్ళీ అక్కడికే వస్తాను.

ఉద్దానం అని మనం పిలుచుకునే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల సంగతి మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఆ నేలలో 1990ల నుంచీ వైద్యులు ఒక వింత కిడ్నీ జబ్బును గమనిస్తూ వచ్చారు. కిడ్నీలు పాడవడానికి లోకమంతటా ప్రధాన కారణాలుగా చెప్పే మధుమేహం గానీ, అధిక రక్తపోటు గానీ ఈ రోగుల్లో చాలామందికి లేవు. మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు, మొదట్లో కాళ్ళ వాపు ఉండదు, నొప్పి ఉండదు. కిడ్నీలోని సన్నని నాళికలూ, వాటి చుట్టూ ఉన్న కణజాలమూ ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా గట్టిపడిపోతాయి. నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు గారి బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడ పరీక్షించిన ప్రతి వంద మందిలో సుమారు 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది, వారిలో అత్యధికులకు కారణం తెలియదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లోనూ ఇటువంటి జబ్బే ఉంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

అనుమానితుల జాబితా మాత్రం చాలా పెద్దది. భూగర్భ జలంలోని సిలికా, సీసం, కాడ్మియం, ఫ్లోరైడు, పురుగుమందులు, ఒళ్ళునొప్పులకు రోజూ మింగే మాత్రలు, ఎండలో నీళ్ళు చాలక చేసే కాయకష్టం, వంశపారంపర్యం, వీటిలో కొన్ని కలిసి చేసే పని. ఈ జాబితాను చూడగానే రసాయన శాఖ నీటిని పట్టుకుంటుంది, జీవశాస్త్ర శాఖ జన్యువులను పట్టుకుంటుంది, పర్యావరణ శాఖ మట్టిని పట్టుకుంటుంది, వైద్య కళాశాల రక్తాన్ని పట్టుకుంటుంది. ఎవరి పత్రం వారు వేరువేరు ఊళ్ళ మీద, వేరువేరు ఏళ్ళలో ప్రచురిస్తారు. నీళ్ళు పరీక్షించిన ఊరిలో రక్తం పరీక్షించరు, రక్తం పరీక్షించిన ఇంట్లో నీళ్ళు పరీక్షించరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి వీలులేకుండా పోతుంది.

నా శాస్త్రం రసాయనం కనుక నీటి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, విద్యార్థులు శ్రద్ధగా వినాలని నా కోరిక. ఒక బావి నీటిని పరీక్షించడానికి ఒక సీసా చాలదు. సిలికాను కొలవదలచుకుంటే గాజు సీసా వాడకూడదు, ఎందుకంటే గాజులోని సిలికాయే కరిగి నీటిలో చేరుతుంది, మీరు బావిని కాక సీసాను కొలుస్తారు. కాబట్టి ప్లాస్టిక్ సీసా కావాలి. సీసం, కాడ్మియం కొలవాలంటే ఇంకొక ప్లాస్టిక్ సీసా తీసుకుని అందులో అక్కడికక్కడే శుద్ధమైన నత్రికామ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి, లేకపోతే ఆ లోహాలు సీసా గోడలకు అంటుకుపోయి ప్రయోగశాలకు చేరేసరికి నీళ్ళు నిర్దోషిగా కనిపిస్తాయి. చాలా రకాల పురుగుమందులకు ఇది పూర్తిగా తారుమారు. వాటిని ప్లాస్టిక్ పీల్చుకుంటుంది, కాబట్టి ముదురు గోధుమరంగు గాజు సీసాలో నింపి మంచు పెట్టెలో తీసుకురావాలి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయాలే. కానీ ఎండాకాలం మధ్యాహ్నం, జీపు తొందరలో, తాగి పారేసిన నీళ్ళ సీసాను కడిగి నింపుకొచ్చిన మాదిరి మీద లక్షల రూపాయల యంత్రం ఇచ్చిన అంకెను నమ్మి పట్టాలు పొందిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐఎస్ 10500 లో సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 0.003 మిల్లీగ్రాములు హద్దు. సిలికాకు అసలు హద్దే లేదు. హద్దు లేని పదార్థాన్ని మామూలు నివేదికలో ఎవరూ కొలవరు, కొలవకుండానే నీళ్ళు తాగడానికి యోగ్యమని రాస్తారు. సిలికాయే నేరస్థురాలని నేను అనడం లేదు. కొలవనిదాన్ని నిర్దోషి అని తేల్చడానికి మనకు అధికారం లేదని మాత్రమే అంటున్నాను. పైగా మనిషి ఆ బావి నీళ్ళు ముప్పై, నలభై ఏళ్ళు తాగాడు. మనం ఒక ఋతువులో ఒక రోజు ముంచిన నీటితో ఆ నలభై ఏళ్ళ కథను రాయబోతున్నాం.

రక్తం సంగతి కూడా అంత సులువైనది కాదు. కిడ్నీ పనితీరును అంచనా వేయడానికి అందరూ కొలిచేది క్రియాటినిన్, అంటే కండల నుంచి రక్తంలోకి చేరే ఒక వ్యర్థ పదార్థం; కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోయినకొద్దీ రక్తంలో దాని అంకె పెరుగుతుంది. దీనికి చాలా ప్రయోగశాలల్లో నేటికీ వాడే పద్ధతికి పునాది 1886లో యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించిన రంగు మార్పు, అంటే క్షార మాధ్యమంలో పిక్రిక్ ఆమ్లంతో వచ్చే నారింజ రంగు. చక్కెర, ప్రోటీను వంటి ఇతర పదార్థాలు కూడా ఆ రంగును ఇవ్వగలవు. ఎంజైమ్ పద్ధతి మేలైనది, కానీ ఖరీదెక్కువ. ఒకే మనిషికి ఒక శిబిరంలో 1.4, పక్క పట్టణంలో 1.1 రావడానికి ఇది ఒక కారణం. కండ తక్కువగా ఉన్న బక్కపలచటి ఆడవాళ్ళలో క్రియాటినిన్ సహజంగానే తక్కువ, అందువల్ల వారి జబ్బు ఆ అంకె వెనుక దాక్కుంటుంది. కిడ్నీల సామర్థ్యం దాదాపు సగం పోయేదాకా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వైద్యులు ఒక్క పరీక్షతో ఎవరినీ దీర్ఘకాలిక రోగి అనరు. లోపం మూడు నెలలకు పైగా నిలిచి ఉండాలన్నది నిర్వచనం. అంటే మొదటిసారి లోపం కనిపించిన మనిషి ఇంటికి మూడు నెలల తరవాత మళ్ళీ వెళ్ళి, అదే చేతి నుంచి మళ్ళీ రక్తం తీయాలి. తిరిగి వెళ్ళమని వైద్యశాస్త్ర నిర్వచనమే చెబుతోంది. విమానంలో వచ్చిన బృందం తిరిగి వెళ్ళలేకపోవచ్చు. ఎచ్చెర్ల నుంచి వెళ్ళలేమా?

ఇప్పుడు కొంచెం దూరం వెళ్ళి వస్తాను. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రొమేనియా పల్లెల్లో ఇటువంటి కిడ్నీ జబ్బే కుటుంబాలకు కుటుంబాలను తినేసింది. 1950లలో దాన్ని వైద్యపత్రికల్లో వర్ణించారు. సీసం అన్నారు, వైరసు అన్నారు, బొగ్గు పొరల మీదుగా వచ్చే నీళ్ళన్నారు, ధాన్యంలో పెరిగే బూజు విషమన్నారు. 1969లో ఇవిచ్ అనే శాస్త్రవేత్త గోధుమ పొలాల్లో మొలిచే అరిస్టొలోకియా అనే కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని, వాటి విషమే కారణం కావచ్చని రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1993లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల గుళికలు మింగిన స్త్రీలకు కిడ్నీలు పాడైనట్టు బయటపడింది, ఆ మూలికల్లోనూ అదే జాతి మొక్క ఉంది. చివరికి 2007లో గ్రోల్‌మన్ బృందం బాల్కన్ రోగుల కిడ్నీ కణజాలంలోని డీఎన్‌ఏకు ఆ మొక్కలోని ఆమ్లం అతుక్కుని ఉండడాన్ని రసాయనికంగా చూపించింది. పొలంలో కలుపును గుర్తుపట్టే మనిషి, కణజాలాన్ని దాచి ఉంచిన వైద్యుడు, అణువును పట్టుకోగల రసాయనవేత్త ఒక చోట చేరడానికి యాభై ఏళ్ళు పట్టింది. మన ఈశ్వరివేరు కూడా ఆ జాతి మొక్కే. ఉద్దానానికి అదే కారణమని కాదు. ఊళ్ళో ఎవరు ఏ వేరు నూరుకుని తాగుతారో అడగడానికి తెలుగు వచ్చిన మనిషి, ఆ యాస వచ్చిన మనిషి, ఇచ్ఛాపురం వైపైతే ఒడియా కూడా వచ్చిన మనిషి కావాలని చెబుతున్నాను.

ఇక్కడి నుంచి నేను సిద్ధం చేసుకున్న కాగితంలో పరిశోధన నిధుల గురించి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే అంతకంటే ముందు చెప్పవలసినది ఒకటి ఉంది.

మాది కవిటి వైపు ఊరు. మా పెద్దన్నయ్య ఈ జబ్బుతోనే పోయాడు. ఆయన పోయాక మా వదిన కొబ్బరి తోటలో పని చూసుకుంటూ పిల్లలతో అక్కడే ఉండిపోయింది. ఒక సంవత్సరం ఒక పరిశోధక బృందం ఊళ్ళోకి వచ్చింది. వారు ఎక్కడివారో నేను చెప్పను. ఇంటింటికీ తిరిగి రక్తం, మూత్రం తీసుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఒక అంకె రాసిన చీటీ చేతికిచ్చి, ఫలితం వస్తుందని చెప్పి వెళ్ళారు. వదిన ఆ చీటీని ట్రంకు పెట్టెలో, పట్టాదారు పుస్తకంతో పాటు దాచుకుంది. ఆ తరవాత నేను ఎప్పుడు వెళ్ళి పరీక్ష చేయించుకుందాం రమ్మన్నా ఆమె జవాబు ఒక్కటే: "నెత్తురిచ్చినాను కద బాబూ, బాగోకపోతే ఆల్లు సెప్పరా ఏటి?"

ఆ జవాబు వినండి. ఫలితం రాకపోవడాన్ని ఆమె మంచి ఫలితంగా అర్థం చేసుకుంది. ఆమె ఒక్కతే కాదు, ఆ వీధంతా అలాగే అర్థం చేసుకుంది. చదువుకున్నవాళ్ళు వచ్చి నెత్తురు పట్టుకెళ్ళారు, ప్రమాదం ఉంటే చెప్పి ఉండేవారు, చెప్పలేదు కనుక ప్రమాదం లేదు. ఆ తర్కంలో తప్పేముంది? నమ్మడం వారి వంతు, ఆ నమ్మకాన్ని నిలబెట్టడం మన వంతు. అన్నం సయించక, వాంతులు మొదలై ఆమె విశాఖపట్నం చేరేసరికి క్రియాటినిన్ 8 దాటింది. తరవాత ఆమె బతికినంత కాలం డయాలసిస్ మీదే బతికింది. ఆ బృందం పత్రం మాత్రం అప్పటికే అచ్చయింది. అందులో మా ఊరు ఒక పట్టికలో ఒక వరుస. ఆ వరుసలో మా వదిన ఉంది. ఆమె అంకె ఎంతో పత్రం రాసినవారికి తెలుసు, ఆమెకు తెలియదు.

ఫలితాలు ఎందుకు చెప్పలేదని అడిగితే కొందరు గోప్యత అంటారు. ఆమె రక్తం ఫలితం ఆమె దగ్గరే గోప్యంగా ఉంచడం ఏ నీతి? కొందరు అది పరిశోధన స్థాయి పరీక్ష, వైద్య నివేదిక కాదంటారు. క్రియాటినిన్ పరీక్ష సోంపేటలో చిన్న ల్యాబులో కూడా చేస్తారు. కొందరు ప్రాజెక్టు గడువు అయిపోయిందంటారు. గడువు ప్రాజెక్టుకు అయిపోయింది, జబ్బుకు కాలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెచ్చిన నైతిక మార్గదర్శకాలు పరిశోధన ప్రయోజనం పాల్గొన్నవారికీ, వారి సమాజానికీ చేరాలని చెబుతున్నాయి. మన నైతిక సంఘాలు ప్రతిపాదనను అనుమతించేటప్పుడు అంగీకార పత్రాన్ని చూస్తున్నాయి. ఫలితం ఏ తేదీలోగా, ఎవరి చేత, ఏ భాషలో చెప్పిస్తారని అడగడం లేదు. అడగాలి. అధ్యాపక మిత్రులారా, మీలో ఆ సంఘాల్లో సభ్యులు ఉన్నారు, దయచేసి అడగండి. నెత్తురు ఇచ్చిన మనిషికి ఫలితం చెప్పాలి. నేను ఈ మాటను ఈ సభలో ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇది దయాదాక్షిణ్యాల విషయమే అనుకోకండి, శాస్త్రానికి కూడా ఇదే అవసరం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్ళకు ఇచ్చే పథకమూ ప్రారంభమైంది. నీటి మూలం మారుతున్న ఈ కాలం పరిశోధకుడికి మళ్ళీ దొరకనిది. భూగర్భ జలమే కారణమైతే, కొత్త నీళ్ళు తాగి పెరిగే పిల్లలు పెద్దయ్యేసరికి జబ్బు తగ్గాలి. తగ్గకపోతే అనుమానం ఎండ మీదికీ, మందుల మీదికీ, ఇతర కారణాల మీదికీ మళ్ళాలి. అయితే ముందు ఎలా ఉండేదో తెలియకుండా తగ్గిందో లేదో ఎలా చెబుతాం? ఇన్నేళ్ళుగా ఇన్ని బృందాలు పట్టుకెళ్ళిన అంకెలు ఊళ్ళకు తిరిగి వచ్చి ఉంటే, ప్రతి ఇంట్లో ఒక కాగితం ఉండేది, ప్రతి పంచాయతీలో ఒక పుస్తకం ఉండేది. ఆ పుస్తకాలే ఈ రోజు మనకు ఆధారం అయ్యేవి.

జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన వింత నరాల జబ్బుకు కారణం సేంద్రియ పాదరసమని 1959లో తేల్చినది ఆ ప్రాంతానికే చెందిన కుమమోటో విశ్వవిద్యాలయం. రోగుల ఇళ్ళకూ, చేపలు పట్టే తీరానికీ పదేపదే వెళ్ళగల దూరంలో ఉన్నవాళ్ళు వాళ్ళు. ఉద్దానానికి ఆ దూరంలో ఉన్నది మనమే.

అందుకని ఒక పని ప్రతిపాదిస్తున్నాను. ఈ వేసవిలో మూడు శాఖలూ కలిసి ఒక్క ఊరు తీసుకోండి, ఒక్కటి చాలు. ప్రతి ఇంటి నుంచీ నీళ్ళు మూడు సీసాల్లో, రక్తం, మూత్రం ఒకే రోజున తీయండి. ఫలితాన్ని పదిహేను రోజుల్లో ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని చేతికి ఇచ్చి, చదివి వినిపించండి. తేడా ఉన్నవారి దగ్గరికి మూడు నెలలకు మళ్ళీ వెళ్ళండి. ఇందుకోసం తెలుగులో ఒక అంగీకార పత్రం, ఒక ఫలితాల పత్రం రాసి తెచ్చాను, ప్రతులు వెనక బల్ల మీద ఉన్నాయి. వైద్య విభాగం వారు తప్పులుంటే దిద్దండి. ఒడియాలో ఇంకా రాయించవలసి ఉంది. ఆ భాష చదవడం, రాయడం వచ్చిన విద్యార్థులు ఉంటే సభ ముగియగానే ఆ బల్ల దగ్గర నన్ను కలవండి.